విన్నాను అనేదాకా

"అత్తయ్యా, ఆ ఉప్పు డబ్బా ఇటివ్వమని మీ అబ్బాయికి చెప్పండి."

ఉప్పు డబ్బా గాలిబాబు మోచేతి పక్కనే ఉంది. కాస్త చెయ్యి చాపితే అతని పెళ్ళాం మేడంకే అందుతుంది. అయినా సరే, ఆ మాట బల్ల దాటి, స్టవ్ దగ్గర గుడ్డు వేయిస్తున్న అమ్మ దాకా వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి గాలిబాబు చెవిలో పడాలి. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు నడుస్తున్న దారి అదే.

"ఇస్తున్నానని చెప్పమ్మా," అన్నాడు గాలిబాబు, డబ్బా జరుపుతూ.

"ఏళ్ళ తరబడి పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యానురా నేను. పోస్టాఫీసులో కాదు," అంది అమ్మ అట్లకాడ ఝళిపిస్తూ. "మూరెడు దూరంలో కూచుని ఒకళ్ళకొకళ్ళు కబుర్లంపుకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే! రేపణ్ణించి స్టాంపులంటించి ఇవ్వండి, అప్పుడు మోస్తాను."

"ఆగు!"

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అట్లకాడా ఆగిపోయింది. ఉప్పు చల్లబోతున్న మేడం వేళ్ళూ ఆగిపోయాయి.

అరిచింది పిట్ట. గాలిబాబు కూతురు. ఐదేళ్ళది. మనిషి గుప్పెడంత, గొంతు వీధంత.

"గుడ్డు మాడుతోంది నానమ్మా. కదులు!"

అమ్మ గబగబా గుడ్డు తిరగేసింది. అప్పటికే అడుగు నల్లబడింది. మరో రోజైతే నలుగురూ విరగబడి నవ్వేవాళ్ళు. ఇవాళ గాలిబాబు నవ్వబోయి, ఎదురుగా తన పెళ్ళాం కూడా నవ్వబోతుండడం చూసి, ఆ నవ్వు మింగేశాడు. ఆవిడా మింగేసింది. ఇద్దరికీ ఇద్దరే.

ఈ 'ఆగు', 'కదులు' ఇంట్లో పుట్టిన మాటలు కావు. ఇద్దరూ పనిచేసే ల్యాబునించి చెప్పులేసుకుని వచ్చినవి. ఆ ల్యాబులో అన్నిటికన్నా లోపలి గదికి వెళ్ళేవాళ్ళు జంటగానే వెళ్ళాలి, ఒంటరిగా వెళ్ళడానికి వీల్లేదు. అక్కడ ఏ పని చేసినా ముందు నోటితో చెప్పాలి. పక్కవాళ్ళు అదే మాట తిరిగి చెప్పి 'విన్నాను' అనాలి. అప్పుడే చెయ్యి కదలాలి. ఏ కాస్త అనుమానమొచ్చినా 'ఆగు' అనొచ్చు. చిన్నా పెద్దా లేదు, ఎవరైనా అనొచ్చు. అన్నారంటే చేతులు ఎక్కడివక్కడ బిగుసుకుపోవాలి. ఆగమన్నవాళ్ళే మళ్ళీ 'కదులు' అనేదాకా అంతే.

ఆ అలవాటు వంటబట్టాలని ఇద్దరూ కొన్నాళ్ళు ఈ భోజనాల బల్ల మీదే చెంచాలూ గ్లాసులూ పెట్టుకుని సాధన చేశారు. చూసి చూసి పిట్టకి అబ్బింది. తర్వాత అమ్మకీ అబ్బింది. "గ్యాస్ కట్టేస్తున్నాను" అని అమ్మ అంటే, "కట్టేస్తున్నావు, విన్నాను" అని ఏ గదిలోంచో ఎవరో ఒకరు పలికేవాళ్ళు. "స్నానానికి పోతున్నాను" అని గాలిబాబు అంటే, "పోతున్నావు, విన్నాను, తొందరగా రా" అని మేడం అనేది. ఆ చివరి ముక్క రూల్లో లేదు. అయినా అనేది.

నాలుగు రోజులుగా ఆ 'విన్నాను' లేదు. ఇల్లు బావురుమంటోంది.

గాలిబాబు అన్నది అతని అసలు పేరు కాదని వేరే చెప్పాలా? ల్యాబులో గాలి చూసే ఇంజనీరు. లోపలి గదిలోకి గాలి పోవాలే గానీ, జల్లెడ పట్టకుండా చిటికెడు కూడా బయటికి రాకూడదు. అది చూడడం అతని పని. అందుకని అక్కడివాళ్ళు పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చి అతుక్కుపోయింది. మేడం వైరస్‌ల మీద చదువుకున్న మనిషి. లోపలి గదికి పెద్ద. అందరూ మేడం అంటుంటే ఏడిపించడానికి తనూ మేడం అనడం మొదలెట్టాడు గాలిబాబు. ఇప్పుడు మరో పేరుకి నోరు తిరగదు.

ఇవాళ ఆ గదికి ఆఖరి పరీక్ష. బయటి దేశం నుంచి ఒకావిడ చూడ్డానికి వచ్చింది. ఆవిడ సరేనంటేనే ఎవరికైనా అంతుపట్టని జ్వరమొస్తే ఆ నమూనా ఇక్కడే విప్పొచ్చు. కాదంటే మళ్ళీ పరీక్ష వచ్చే ఏడాదే. అందాకా అద్దాల తలుపులకి తాళాలేసుకుని, ఎప్పట్లాగే నమూనాని విమానమెక్కించడమే. మన జబ్బు పేరు మనకి పరాయివాళ్ళు చెప్పాలి, వాళ్ళకి తీరికైనప్పుడు.

పోయినసారి అంటుజ్వరాలొచ్చినప్పుడు జరిగిందదే. గాలిబాబు నాన్న రక్తం చిన్న సీసాలో విమానమెక్కి వెళ్ళింది. అక్కడ వరసలో నిలబడింది. ఇది ఫలానా జబ్బు, ఫలానా మందు పనిచేస్తుంది అని కబురొచ్చేసరికి నాన్న మంచం మడతపెట్టి గోడకి చేరేశారు. ఆ మంచం ఇప్పటికీ అమ్మ గదిలో అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు, ఎవరూ తీసెయ్యలేదు.

"పిట్టా, వెళ్ళి బూట్లేసుకో," అంది మేడం. పిట్ట బల్ల కిందికి దిగింది.

అమ్మ స్టవ్ ఆపింది. మాడిన గుడ్డు తన ప్లేటులో వేసుకుని కుర్చీ లాక్కుని కూచుంది.

"ఇవాళ పరీక్ష పెట్టుకుని ఈ మొహాలతో పోతారా? అసలేం జరిగిందో నాకు చెప్పండి. ఇప్పుడే చెప్పండి."

గాలిబాబు బ్రెడ్డు ముక్కని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ ముక్కలు చేశాడు.

"అడగండత్తయ్యా," అంది మేడం. "పెద్దాయన గదికెళ్ళి ఏం చెప్పొచ్చాడో అడగండి."

పెద్దాయన అంటే వాళ్ళ డైరెక్టరు. ఆ ల్యాబుకి పునాది తవ్విన రోజు నుంచి దాన్ని చంటిపిల్లలా మోస్తున్న మనిషి.

"ఏం చెప్పావురా?"

"ఏముంది, ఉన్నమాటే చెప్పాను. ఇద్దరం లోపలుండడమెందుకు, పిల్ల ఉంది, ఆవిణ్ణి బయట ఉంచండి, లోపల నేనుంటాను, ఇంకొకళ్ళని తయారుచేద్దాం అన్నాను. తప్పా?"

"ఎవరి గురించి చెప్పాడో వాళ్ళకి చెప్పకుండా చెప్పాడు. అది కూడా అడగండి."

"రేపు ఏదైనా అయితే ఇద్దరికీ అవుతుంది కదమ్మా! అప్పుడు పిట్టకెవరు?"

అమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. ఏ పక్క మాట్లాడినా రెండో పక్క కోసుకుపోయేట్టుంది.

అప్పుడు కనిపించాయి బల్ల కింద రెండు పాదాలు. ఒక దానికి బూటుంది, రెండో దానికి లేదు. పిట్ట ఎక్కడికీ పోలేదు. అక్కడే కూచుని అంతా వింది.

"నాన్నా, లేసు ముడిపడింది," అంది కిందనించి, మామూలు గొంతుతోనే.

వంగి ముడి విప్పాడు. అది ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది.

*

ల్యాబుకి ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్ళారు. మధ్యలో మేడం సంచీ కూచుంది. స్పీడుబ్రేకరు దగ్గర రోజూ భుజం పట్టుకునే చెయ్యి ఇవాళ సీటు కింది కడ్డీని పట్టుకుంది. గాలిబాబు కావాలనే ఇంకో స్పీడుబ్రేకరు ఎక్కించాడు. అయినా లాభం లేకపోయింది.

లోపల సూట్లు తొడుక్కున్నారు. పైకప్పునించి వేలాడే గొట్టం తగిలించగానే గాలి నిండి ఉబ్బిపోయే సూట్లవి. మామూలుగా అయితే మేడం, "బూరెల్లా ఉన్నాం" అనేది. అతను, "నువ్వు బూరె, నేను బెలూను" అనేవాడు. ఇవాళ చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

అద్దం అవతల పెద్దాయనా, పరీక్షకొచ్చినావిడా నిలబడ్డారు. ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉంది. ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగుంది.

పరీక్షకి నిజం వైరస్ ఏమీ లేదు. సీసాలో ఉన్నది నీళ్ళలాంటి ద్రవం. మామూలు వెలుతుర్లో కనపడదు, నీలం దీపం వేస్తే పచ్చగా మెరుస్తుంది. ఆ సీసా విప్పాలి, చుక్క తీసి వేరే గొట్టంలో వెయ్యాలి, మూత పెట్టాలి, మందునీళ్ళ గుడ్డతో తుడవాలి, పై గ్లోవ్స్ మార్చుకోవాలి. చివర్లో దీపాలార్పి నీలం దీపం వేస్తారు. ఎక్కడా మెరవకూడదు. అంతే పరీక్ష.

"మొదలుపెడుతున్నాను," అంది మేడం.

"మొదలుపెడుతున్నావు. విన్నాను."

ఆ రోజు నేరుగా ఒకళ్ళతో ఒకళ్ళు అన్న మొదటి మాట అది. ఆ పరీక్షలో అదే ఆఖరి మాట కూడా. ఆ తర్వాత గాలిబాబు చెయ్యి చాపాడు, మేడం సీసా అందించింది. ఆవిడ వేళ్ళు చాపింది, అతను మూత పెట్టాడు. కలిసి కాపురం చేస్తున్న మనుషులు. ఎవరి చెయ్యి ఎప్పుడు ఎటు పోతుందో తెలుసు. వంటింట్లో ఒకళ్ళనొకళ్ళు తగలకుండా తిరగడం అలవాటైన ఒళ్ళు. మాటలతో పనేముంది? పైగా అలక. ఇక నోరెందుకు లేస్తుంది?

పని నున్నగా సాగిపోయింది. సగంలో మేడం గడ్డం ఎత్తింది. సిద్ధమేనా అని కాబోలనుకుని గాలిబాబు తలూపాడు. ఎక్కడో ఏదో వెలితిగా అనిపించింది. 'ఆగు' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ముందు నేనెందుకు నోరు విప్పాలి, తనే అడగొచ్చుగా అనుకున్నాడు. సీసా అలమరలో పెట్టి, తలుపు గడియ వేసి, గాలి గొట్టం సరిగ్గా తగిలిందో లేదోనని అలవాటుకొద్దీ ఆవిడ భుజం మీద తట్టి చూశాడు.

దీపాలారిపోయాయి. నీలం దీపం వెలిగింది.

గాలిబాబు కుడిచేతి మీద పచ్చటి మెరుపు. తలుపు గడియ మీద మెరుపు. మేడం భుజం మీద అయితే నాలుగు వేళ్ళూ, బొటనవేలూ, అరచెయ్యీ, అచ్చుగుద్దినట్టు అతని చెయ్యే మెరుస్తోంది.

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అది నిజం జబ్బు అయ్యుంటే? గాలిబాబు ఆ చేతిని తన ఒంటికి దూరంగా పట్టుకున్నాడు.

బయటికొచ్చాక పరీక్షకొచ్చినావిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మీ చేతులు చాలా బాగా పనిచేశాయి," అంది. "మరి నోళ్ళేమయ్యాయి? తుడిచావా అని ఈవిడ గడ్డంతో అడిగింది. తుడవకుండానే ఈయన తలూపాడు. ఇన్ని చోట్ల చూశాను గానీ, ఇంత చక్కగా కలిసి ఇంత పెద్ద తప్పు చేసిన జంటని చూళ్ళేదు. మధ్యాహ్నం ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే నేను సరేననలేను."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని నడవా చివర ఉన్న బల్ల వైపు చూపించాడు.

"వెళ్ళండమ్మా. వెళ్ళి కూచోండి."

*

దాన్ని అందరూ తప్పుబల్ల అంటారు. పాత బిల్డింగునించి తెచ్చిన చెక్కబల్ల, ఒక కాలు కాస్త పొట్టి. ల్యాబులో ఎవరు ఏ తప్పు చేసినా బయటికొచ్చి జంటగా దాని మీద కూచోవాలి. ఎవరి తప్పు వాళ్ళే చెప్పాలి. పక్కవాళ్ళ తప్పు ఎత్తకూడదు. 'ఎందుకు' అనకూడదు, 'కానీ' అనకూడదు. విన్నవాళ్ళు తిరిగి చెప్పి 'విన్నాను' అనాలి. తిట్టుండదు, శిక్షుండదు. తిడతారంటే జనం తప్పు దాస్తారు, ఇలాంటి చోట దాచిన తప్పు ఊళ్ళకి ఊళ్ళని తినేస్తుంది అని మేడమే పట్టుబట్టి ఈ పద్ధతి పెట్టించింది. కుర్రాళ్ళని ఎంతమందిని కూచోబెట్టిందో! తను కూచోవడం ఇదే మొదలు.

బల్ల అటూ ఇటూ ఊగింది. ఆ చివరొకరు, ఈ చివరొకరు కూచున్నారు.

"నా తప్పు," అన్నాడు గాలిబాబు. "నువ్వేమడిగావో తెలీకుండానే తలూపాను."

"తెలీకుండా తలూపావు. విన్నాను." మేడం తన అరచేతులు చూసుకుంటోంది. "నా తప్పు. నోటితో అడగాల్సింది గడ్డంతో అడిగాను."

"గడ్డంతో అడిగావు. విన్నాను. నా తప్పు. ఏదో తేడాగా ఉందనిపించింది. ఆగు అనలేదు."

"ఆగు అనలేదు. విన్నాను. నాకూ అనిపించింది. నేనూ అనలేదు."

"నువ్వూ అనలేదు. విన్నాను."

అక్కడికి ల్యాబు తప్పులైపోయాయి. రూలు ప్రకారం లేచి వెళ్ళిపోవచ్చు. ఇద్దరూ లేవలేదు. తుడుచుకుంటూ వచ్చిన ఆయా వాళ్ళని చూసి, బకెట్టు అక్కడే దింపి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"ఇంకోటుంది," అన్నాడు గాలిబాబు. "నీకు చెప్పకుండా పెద్దాయన దగ్గరికెళ్ళాను. చెప్తే వద్దంటావని తెలుసు. తెలిసే చెప్పలేదు."

"ఎందు..." అని మేడం నాలిక్కరుచుకుంది.

"ఎందుకు అనకూడదు. నీ రూలే."

"నా రూలే. ఏం చేస్తాం." మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వని చెప్పడానికి లేదు, కాదనడానికీ లేదు. "తెలిసే చెప్పలేదు. విన్నాను."

గాలిబాబు ఎదురుచూశాడు. ఇక లేద్దామనుకుంటుండగా మేడం గొంతు సవరించుకుంది.

"నా తప్పు. పెద్దాయన నన్ను పిలిచి, మీ ఆయన ఇలా అడిగాడమ్మా అన్నప్పుడు, నాకు కోపం రాలేదు."

గాలిబాబు తలెత్తి చూశాడు.

"హమ్మయ్య అనిపించింది. పిట్ట స్కూల్నించి వచ్చేసరికి ఇంట్లో ఉండొచ్చు, ఆ సూట్లో దూరక్కర్లేదు, హమ్మయ్య అనిపించింది. ఒక్క క్షణమే. అయినా అనిపించింది. ఈ గది కోసం పోట్లాడింది నేను. భయపడకండర్రా అని కుర్రాళ్ళకి చెప్పేది నేను. మామయ్యగారి సీసా విమానమెక్కించిన రోజున, ఇంకెవరిదీ ఎక్కనివ్వనని అత్తయ్య చెయ్యి పట్టుకుని చెప్పింది నేను. అలాంటిది నాకు హమ్మయ్య అనిపించడమేమిటి? అప్పుడొచ్చింది కోపం. వచ్చింది నా మీదే. నా మీద నేను అలగలేను కదా. నీ మీద అలిగాను."

నాలుగు రోజులుగా తను చేసిన దానికి తనని కాల్చుకు తింటోందనుకున్నాడు గాలిబాబు. ఆ మనిషి తనని తాను కాల్చుకు తింటోందని తట్టనేలేదు. ఒకే మంచం మీద పడుకుని కూడా తట్టలేదు.

"నీకు భయమేసింది," అన్నాడు మెల్లిగా. "విన్నాను."

"భయమని నేనన్నానా? హమ్మయ్య అన్నాను. సరిగ్గా తిరిగి చెప్పు."

"హమ్మయ్య అనిపించింది. నా మీద అలిగావు. విన్నాను."

"ఆఁ. అదీ."

"నాదింకా అయిపోలేదు. భయమేసింది నాకు. పిల్ల కోసం అని అందరికీ చెప్పాను. నీ కోసం కూడా. ఇందాక నీ భుజం మీద నా చెయ్యి మెరుస్తుంటే ఇంకా భయమేసింది. నీ పక్కన ఇంకెవరో ఉంటే ఆ చెయ్యి ఎవరిదవుతుందో తెలీదు. కనీసం నాదైతే, నేను నోరు విప్పుతాను."

"నోరు విప్పుతావు," అంది మేడం. కళ్ళు తుడుచుకుంది. "విన్నాను. గట్టిగా విన్నాను."

బల్ల మళ్ళీ ఊగింది. ఈసారి ఇద్దరూ నడిమధ్యకి జరగడం వల్ల ఊగింది.

అక్కడే ఒక మాట అనుకున్నారు. ఇంకో జంట తయారయ్యేదాకా ఇద్దరూ లోపలికెళ్తారు. ఆ తర్వాత ఒకే రోజు ఇద్దరూ లోపలుండరు. పెద్దాయనకి ఆ మాట ఇద్దరూ కలిసే చెప్తారు. అమ్మకీ పిట్టకీ నిదానంగా, కూచోబెట్టి చెప్తారు. తొందరేముంది? నిజం నమూనా ఆ గది గడప తొక్కడానికి ఇంకా నెలలు పడుతుందని అందరూ అనుకుంటున్నదే.

మధ్యాహ్నం రెండో పరీక్షలో ఇద్దరూ వాగిన వాగుడికి అద్దం అవతల కుర్రాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. "మూత తీస్తున్నాను." "తీస్తున్నావు, విన్నాను." "తుడుస్తున్నాను." "తుడుస్తున్నావు, విన్నాను." ఒకచోట గాలిబాబు "ఆగు" అన్నాడు. మేడం ఆగింది. అతను గ్లోవు మడత చూసుకుని "కదులు" అన్నాడు. నీలం దీపం వేస్తే గది గదంతా చీకటి. ఎక్కడా ఒక్క మెరుపు లేదు.

పరీక్షకొచ్చినావిడ గొడుగు చంకలో పెట్టుకుని, 'సరే' అంటూ ఇద్దరికీ చేతులందించింది. పెద్దాయన అద్దానికి తల ఆనించి అలాగే నిలబడిపోయాడు. ఎవరో కుర్చీ తెచ్చారు.

*

ఇంటికొచ్చేటప్పుడు సంచీ స్కూటరు ముందు కొక్కేనికి వేలాడింది. మేడం చెయ్యి గాలిబాబు భుజం మీద ఉంది. రోడ్డు మీద స్పీడుబ్రేకర్లు లేనిచోట కూడా ఉంది.

"తలుపు తీస్తున్నాను," అంటూ అమ్మ ఎదురొచ్చింది, ఊరికే, ఆశకొద్దీ.

"తీస్తున్నావు, విన్నాను!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అమ్మ గడప దగ్గరే చతికిలబడింది. "నా ఉద్యోగం ఊడింది," అని నవ్వింది, కళ్ళు ఒత్తుకుంది, మళ్ళీ నవ్వింది. పిట్ట చుట్టూ ఎగిరింది. టీ పెట్టారు. పాలు పొంగితే పొంగుతున్నాయని ముగ్గురు చెప్పారు, విన్నామని ముగ్గురు అన్నారు, కట్టేసినవాళ్ళు మాత్రం లేరు. స్టవ్ తుడుస్తూ అమ్మ అందర్నీ కలిపి తిట్టింది. ఆ తిట్లు వినడానికి గాలిబాబుకి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఫోను మోగింది. పెద్దాయన.

గాలిబాబు స్పీకర్లో పెట్టాడు. మెచ్చుకోవడానికే చేశాడనుకున్నాడు.

"మీరిద్దరూ వింటున్నారా?" పెద్దాయన గొంతులో మధ్యాహ్నపు సంతోషం లేదు. "కొండల అవతల ఆసుపత్రినించి కబురొచ్చింది. జ్వరాలు. ఏమిటో తెలీడం లేదు. చూసిన నర్సుల్లో ఇద్దరు పడిపోయారు. నమూనా బయల్దేరింది. రేపు తెల్లారేసరికి ఇక్కడికొస్తుంది. ఆ లోపలి గదికి వెళ్ళగలిగినవాళ్ళు దేశంలో మీరిద్దరే ఉన్నారు. వెళ్తామంటే విప్పుదాం. వద్దంటే విమానమెక్కిస్తాను, తప్పు పట్టను. ఆలోచించుకుని చెప్పండి."

ఫోను పెట్టేశాక గాలిబాబు మేడంని చూశాడు. ఆవిడ అప్పటికే తనని చూస్తోంది. గడ్డం ఎత్తలేదు.

"వెళ్దామనుకుంటున్నాను," అంది నోటితో.

"వెళ్దామనుకుంటున్నావు. విన్నాను. నేనూ వస్తున్నాను."

"వస్తున్నావు. విన్నాను."

అమ్మ తన గది వైపు చూసింది. తెరిచిన తలుపులోంచి గోడకి చేరేసిన మంచం కనిపిస్తోంది.

"వెళ్ళండి," అంది. "ఆ సీసా విమానమెక్కకూడదు. పిట్టకి నేనున్నాను."

మేడం లేచి అత్తగారి భుజం మీద తల ఆనించింది. అమ్మ ఒక చేత్తో కోడలి వీపు నిమురుతూ రెండో చేత్తో ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టసాగింది. గాలిబాబు ఫోను అందుకున్నాడు. నంబరు నొక్కబోయేముందు కూతురు గుర్తొచ్చింది. ఇంట్లో అందరికీ చెప్పి, దానికి చెప్పకపోతే ఎలా? పొద్దున బల్ల కింద కనిపించిన పాదాలు గుర్తొచ్చాయి. ఇంకోసారి చెప్పకుండా ఏదీ చెయ్యడతను.

పిట్ట గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎగరడం లేదు. ఎప్పణ్ణించి అలా నిలబడిందో ఎవరూ చూడలేదు.

గాలిబాబు దాని ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

"పిట్టా, రేపు పొద్దున అమ్మా నేనూ ఇద్దరం లోపలికి వెళ్తున్నాం."

పిట్ట తండ్రి మొహం చూసింది. తల్లి మొహం చూసింది. రోజూ అందరికన్నా ముందు పలికే పిల్ల, ఆ మాట తిరిగి చెప్పలేదు. విన్నాననీ అనలేదు.

"ఆగు," అంది.

గాలిబాబు వేలు ఫోను మీదే ఆగిపోయింది. అమ్మ చేతిలో కప్పు కప్పు మీద పడకుండా ఆగిపోయింది. మేడం చెయ్యి సగం చాచినట్టే ఉండిపోయింది.

ఆగమన్నవాళ్ళే కదలమనాలి. చిన్నా పెద్దా లేదని ఆ రూలు దానికి నేర్పింది వీళ్ళే.

పిట్ట పెదాలు రెండూ గట్టిగా బిగించుకుంది. కళ్ళనిండా నీళ్ళు. పెద్దాయన నంబరు చూపిస్తూ గాలిబాబు చేతిలో ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.